వివరం, గతియోగం, గత్యంతరం: తెలుగులో గమన గణిత సమస్యల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇద్దరు బాటసారులు ఎప్పుడు కలుసుకుంటారు, వెనుక బయలుదేరినవాడు ముందు వెళ్లినవాడిని ఎక్కడ అందుకుంటాడు అన్న ప్రశ్నలు భారతీయ గణితంలో కనీసం పదిహేను శతాబ్దాలుగా ఉన్నాయి. ఆర్యభటీయం, దాని వ్యాఖ్యానం, మహావీరాచార్యుని గణితసారసంగ్రహం ఈ సమస్యలను సాధించిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పావులూరి మల్లన ద్వారా తెలుగు పద్యంలోకి వచ్చిన గణితభాషను, నంద్యాల-ఆళ్లగడ్డ ప్రాంతపు నడక దారి, కాలువ, రైలు మార్గాలను నేపథ్యంగా తీసుకొని, నేటి పాఠ్యపుస్తకాల్లోని ‘సాపేక్ష వేగం’ అన్న పదం వెనుక ఏది మరుగున పడిందో చర్చిస్తుంది. ప్రాచీన సూత్రం ముందుగా ఎడాన్ని చెప్పి, ఆ తరువాతే వేగాలను కూడాలో తీసివేయాలో చెప్పింది. ఆ క్రమాన్ని తిరిగి బోధనలోకి తెస్తే ‘ఎదురు’ అన్న ఒక్క మాట వల్ల విద్యార్థికి కలిగే తికమక తొలగుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: ఆర్యభటీయం, గణితసారసంగ్రహం, పావులూరి మల్లన, గతియోగం, గత్యంతరం, సాపేక్ష వేగం, ఆమడ, నంద్యాల, కొత్తపల్లె.

1. ఉపోద్ఘాతం

గణిత సమస్య రెండు పనులు చేస్తుంది. ఒకటి లెక్క చేయించడం, రెండవది లోకంలోని ఒక సన్నివేశాన్ని మాటల్లో చూపడం. కూడికకో గుణకారానికో అంకెలు చాలు. కాలం, దూరం, వేగం కలిసిన సమస్యకు మాత్రం మాట కావాలి. ఎవరు ముందు బయలుదేరారు, ఎటు నడిచారు, ఎక్కడ నిలిచారు అన్నది వాక్యం చెప్పినప్పుడే తెలుస్తుంది. అందువల్ల ఈ తరగతి సమస్యల చరిత్ర గణిత చరిత్రలో ఎంత భాగమో, భాషా చరిత్రలోనూ అంత భాగం.

నేడు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు విద్యార్థి ఈ అంశాన్ని రెండు వాక్యాలుగా కంఠస్థం చేస్తాడు. ఒకే దిశలో అయితే వేగాల భేదం, వ్యతిరేక దిశలో అయితే వేగాల మొత్తం. ఈ రెండు వాక్యాలూ తప్పు కావు. కానీ పడవ ఏటికి ఎదురు వెళ్లే సమస్య రాగానే అదే విద్యార్థి వేగాలను కూడాలా తీసివేయాలా అని ఆగిపోతాడు. అక్కడ ‘వ్యతిరేకం’ అన్న మాట ఉంది, చేయవలసింది తీసివేత. ఈ తికమకకు మూలం విద్యార్థి తెలివిలో లేదు, సూత్రాన్ని చెప్పిన తీరులో ఉంది. ప్రాచీనులు ఈ సూత్రాన్ని మరొక క్రమంలో చెప్పారు.

2. ఆర్యభటుడు: ఎడంతో మొదలైన సూత్రం

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో గణితపాదానికి 33 శ్లోకాలున్నాయి. వాటిలో 31వది కదిలే రెండు వస్తువుల కలయికను గురించినది. సందర్భం గ్రహగణితమే అయినా సూత్రం ఏ రెండు చలనాలకైనా వర్తిస్తుంది. దాని సారం ఇది: ఎదురెదురుగా కదిలేవాటి మధ్య ఎడాన్ని గతుల మొత్తంతో భాగించాలి, ఒకే దిశలో కదిలేవాటి మధ్య ఎడాన్ని గతుల భేదంతో భాగించాలి. వచ్చిన ఫలం కలయిక కాలం. ఆ కలయిక జరగబోయేదీ కావచ్చు, ఇంతకుముందే జరిగిపోయినదీ కావచ్చు.

ఇందులోని పారిభాషిక పదాలు మూడూ తెలుగువారికి పరిచితమైనవే, అయితే వేరే అర్థాల్లో. మొదటిది ‘వివరం’. ఇక్కడ దాని అర్థం రెండింటి మధ్య ఉన్న ఎడం. ప్రాచీన కావ్యాల్లో రంధ్రం, బిలం అన్న అర్థంలో కనిపించే ఈ మాట నేటి తెలుగులో విశదీకరణ అన్న అర్థంలో స్థిరపడింది. రెండవది ‘గతియోగం’, అంటే వేగాల కూడిక. మూడవది ‘గత్యంతరం’, అంటే వేగాల భేదం. నేటి తెలుగులో ‘గత్యంతరం లేక’ అన్నప్పుడు అంతరం అంటే మరొకటి, గత్యంతరం అంటే మరొక దారి. గణితంలో అంతరం అంటే భేదం. ఒకే సమాసం రెండు శాస్త్రాల్లో రెండు దారులు పట్టింది. తెలుగు బడి గణితంలో రెండవ దారి మూసుకుపోయి, వాడుకలోని మొదటి దారే మిగిలింది.

సూత్రంలోని క్రమం గమనించదగినది. ముందు వివరం, తరువాత దాన్ని భాగించే గతి. అంటే లెక్క చేసేవాడు మొదట వేసుకోవలసిన ప్రశ్న ‘వేగం ఎంత?’ అన్నది కాదు. ‘ఎడం ఎంత? అది రోజుకు ఎంత తరుగుతోంది?’ అన్నది. కూడిక, తీసివేత ఆ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబులు మాత్రమే.

క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్యానం రాసిన మొదటి భాస్కరుడు ఈ సూత్రాన్ని గ్రహాల నుండి దారి మీదికి దించాడు. ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణలో సౌరాష్ట్రలోని వలభి నుండి ఒకడు రోజుకు ఒకటిన్నర యోజనాలు నడుస్తాడు. ఎదుటి పట్టణం నుండి మరొకడు ఒకటింబావు యోజనాలు నడుస్తాడు. మధ్య దూరం 18 యోజనాలు. ఎడం రోజుకు రెండుంముప్పావు యోజనాలు తరుగుతుంది. 18ని దానితో భాగిస్తే 72/11, అంటే ఆరు రోజులు, ఆపై ఒక రోజులో 11వ వంతులు ఆరు. ఫలం పూర్ణాంకం కాకపోవడం ఇక్కడ విశేషం. కలయిక ఏదో ఒక మజిలీలో కాక దారి మధ్యలో జరుగుతుందని అంకె చెబుతోంది.

అదే ఆర్యభటుడు గోళపాదంలో చలనాన్ని మరొక వైపు నుండి చూపాడు. పడవలో ముందుకు సాగేవాడికి గట్టు మీది వస్తువులు వెనక్కి పోతున్నట్లు కనిపిస్తాయి. అలాగే లంకలో ఉన్నవాడికి కదలని నక్షత్రాలు పడమరకు పోతున్నట్లు తోస్తాయి. భూభ్రమణాన్ని బోధించడానికి చెప్పిన ఈ పోలికలో సాపేక్షత అంతా ఉంది: చలనం చూసేవాడి నిలకడను బట్టి మారుతుంది. గణితపాదంలోని సూత్రం, గోళపాదంలోని పోలిక ఒకే ఆలోచనకు రెండు ముఖాలు. ఒకటి లెక్క చెబుతుంది, రెండవది ఎక్కడ నిలిచి లెక్క చేయాలో చెబుతుంది.

3. మహావీరాచార్యుడు: బాటసారులు, పాము

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు క్రీ.శ. 850లో, జైన పండితుడు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహం రచించాడు. ఖగోళం నుండి విడివడి గణితాన్నే విషయంగా తీసుకున్న గ్రంథాల్లో ఇది ప్రముఖం. 1908లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత సమావేశంలో డేవిడ్ యూజీన్ స్మిత్ దీన్ని గురించి ప్రసంగించాడు. 1912లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ఎం. రంగాచార్య సంస్కరణ, ఆంగ్లానువాదాలతో దీన్ని వెలువరించింది.

గమన సమస్యలు ఇందులో రెండు చోట్ల కనిపిస్తాయి. త్రైరాశిక ప్రకరణంలో ‘గతినివృత్తి’ అనే విభాగం ఉంది. ముందుకు సాగే గతిలో నుండి వెనక్కి లాగే గతిని తీసివేయడం దీని పని. ఇందులోని పాము లెక్క సుప్రసిద్ధం. ఒక నల్లని పాము పుట్టలోకి దూరుతోంది. ఒక రోజులో 14వ వంతులు ఐదు గడిచేసరికి ఏడున్నర అంగుళాలు లోపలికి పోతుంది. అదే సమయంలో పావు రోజుకు రెండుంముప్పావు అంగుళాల చొప్పున దాని తోక పెరుగుతూ ఉంటుంది. పాము పూర్తిగా ఎప్పుడు లోపలికి పోతుంది అన్నది ప్రశ్న. రెండు రేట్లనూ ఒక్క రోజుకు తెస్తే దూరడం 21 అంగుళాలు, పెరగడం 11 అంగుళాలు. తేడా 10. పాము పొడవును అంగుళాల్లో చెప్పి 10తో భాగిస్తే జవాబు వస్తుంది.

ఇక్కడ ప్రయాణం చేసే ఇద్దరు లేరు. ఒకే ప్రాణి తల ముందుకు, తోక వెనక్కి. అయినా సూత్రం పనిచేస్తుంది, ఎందుకంటే తరిగే ఎడం ఒకటి ఉంది. అది పుట్ట బయట మిగిలిన పాము పొడవు.

మిశ్రక ప్రకరణంలో బాటసారుల లెక్కలున్నాయి. ఒకదానిలో రోజుకు 6 యోజనాలు పోయేవాడు, 3 యోజనాలు పోయేవాడు ఒకే చోటు నుండి బయలుదేరతారు. దారి 108 యోజనాలు. వేగవంతుడు కొస ముట్టి తిరిగి వస్తూ రెండవవాడికి ఎదురవుతాడు. ఎప్పుడు? సూత్రం దూరాన్ని రెట్టించి వేగాల మొత్తంతో భాగించమంటుంది: 216ను 9తో భాగిస్తే 24 రోజులు. రెట్టింపు ఎందుకో ఎడం లెక్క వివరిస్తుంది. మొదటివాడు 18 రోజుల్లో కొసకు చేరతాడు. అప్పటికి రెండవవాడు 54 యోజనాల వద్ద ఉంటాడు. మిగిలిన ఎడం 54. ఇక అది రోజుకు 9 చొప్పున తరిగి 6 రోజుల్లో ముగుస్తుంది. 18, 6 కలిపి 24. మరోలా చూస్తే ఇద్దరూ కలిసి దారిని సరిగ్గా రెండు సార్లు కొలిచారు.

ఇంకొక లెక్క మరింత సూక్ష్మమైనది. ఒకడు మొదటి రోజు 3తో మొదలుపెట్టి ప్రతి రోజూ 8 చొప్పున నడక పెంచుతాడు. రెండవవాడు ప్రతి రోజూ 21 చొప్పున నిలకడగా నడుస్తాడు. ఇద్దరూ ఒకే చోటు నుండి ఒకేసారి ఒకే దిశలో బయలుదేరితే మళ్లీ ఎప్పుడు కలుస్తారు? నిలకడ గతిలో నుండి ఆది గతిని తీసివేసి, రెట్టించి, పెంపుతో భాగించి, ఒకటి కలపాలన్నది సూత్రం. 21లో 3 పోతే 18, రెట్టిస్తే 36, 8తో భాగిస్తే నాలుగున్నర, ఒకటి కలిపితే ఐదున్నర రోజులు.

రోజువారీ ఎడాన్ని రాసుకుంటే ఈ లెక్కలోని కథ కనిపిస్తుంది. మొదటి రోజు చివర ఎడం 18, రెండవ రోజు 28, మూడవ రోజు 30, నాలుగవ రోజు 24, ఐదవ రోజు 10. ఎడం పెరిగి, నిలిచి, తరుగుతుంది. ఆరవ రోజు మొదటివాడి నడక 43, రెండవవాడిది 21. ఎడం ఆ రోజు 22 చొప్పున తరుగుతుంది. కాబట్టి కలయిక ఆరవ రోజునే అన్నది రూఢి. అయితే ఆ రోజంతా ఒకే వేగం అనుకుంటే మిగిలిన 10ని 22తో భాగించగా రోజులో 11వ వంతులు ఐదు వస్తుంది, సూత్రమిచ్చిన సగం రోజు కాదు. సూత్రం శ్రేఢీ మొత్తపు నియమాన్ని రోజు భాగానికి కూడా యథాతథంగా వర్తింపజేసింది. నడక మెట్లుగా పెరుగుతుందా, ఎడతెగక పెరుగుతుందా అన్న ప్రశ్న ఈ చిన్న తేడాలో దాగి ఉంది. వేగం క్షణక్షణం మారే చలనాన్ని గురించి ఆలోచించడానికి ఇది మంచి ఆరంభస్థానం.

4. పావులూరి మల్లన: తెలుగు పద్యంలో లెక్క

గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన. తెలుగులో లభిస్తున్న తొలి శాస్త్రగ్రంథంగా ఆయన సారసంగ్రహ గణితానికి సాహిత్య చరిత్రలో స్థానముంది. పిఠాపురం ప్రాంతంలోని నవఖండవాడ అగ్రహారం, రాజరాజనరేంద్రుని దానం, తాతకూ మనుమడికీ ఒకే పేరు ఉండడం అన్న అంశాల వల్ల కవి కాలనిర్ణయంలో పండితుల మధ్య భేదాభిప్రాయాలు వచ్చాయి. 11వ శతాబ్దమా, 12వ శతాబ్దపు ఆరంభమా అన్న చర్చ ఎలా ఉన్నా, నన్నయ భారతం పుట్టిన యుగానికి దగ్గరలోనే తెలుగు పద్యం లెక్కను కూడా మోయగలిగిందన్నది నిర్వివాదం.

మల్లన అనువాదం మక్కికి మక్కి కాదు. జైన మూలంలోని మతసంబంధమైన ప్రస్తావనలను శైవానికి అనుగుణంగా మార్చుకున్నాడు. లెక్క అలాగే ఉండి, సన్నివేశం మారింది. గణిత సమస్యను ఒక భాష నుండి మరొక భాషకు తేవడమంటే మాటలను మార్చడం మాత్రమే కాదనీ, చదివేవాడు ఎరిగిన లోకంలో దాన్ని నిలబెట్టడమనీ ఆయన గుర్తించాడు. గమన సమస్యలకు ఈ సూత్రం మరీ అవసరం.

తెలుగుకు ఈ పనికి కావలసిన సొంత సరంజామా కూడా ఉంది. భిన్నాలకు అర, పాతిక, ముప్పాతిక, పరక, వీసం ఉన్నాయి. కాలానికి గడియ, జాము ఉన్నాయి. రోజుకు 60 గడియలు, గడియకు నేటి లెక్కలో 24 నిమిషాలు, జాముకు ఏడున్నర గడియలు. దూరానికి బార, కోసు, ఆమడ ఉన్నాయి. చలనానికి ఎదురుపడు, వెంటపడు, అందుకొను, మించిపోవు, వెనుకబడు అన్న క్రియలున్నాయి. ఈ క్రియల్లో ప్రతిదానిలోనూ ఇద్దరున్నారు. ఒక్కడే ఉంటే ‘అందుకొనడం’ సాధ్యం కాదు. సాపేక్షత అన్న పేరు లేకుండానే తెలుగు క్రియ సాపేక్షతను చెబుతుంది.

5. ఆమడల దారి: ఏనుగుల వీరాస్వామయ్య మజిలీలు

తెలుగువారు దూరాన్ని, కాలాన్ని కలిపి ఎలా లెక్కించారో చెప్పే గొప్ప ఆధారం గణిత గ్రంథం కాదు, యాత్రాగ్రంథం. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, కాశీ యాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. ఆయన రాసిన ఉత్తరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై కాశీయాత్ర చరిత్రగా కూర్చగా 1838లో అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావు దాన్ని సంస్కరించి ప్రకటించారు.

ఆ ప్రయాణం కడప మీదుగా నేటి ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం, నంద్యాల సమీపంలోని మహానంది తాకి నల్లమల దారిన శ్రీశైలం చేరింది. మజిలీ నుండి మజిలీకి దూరం ఆమడల్లో నమోదైంది. ఆమడ విలువ ప్రాంతాన్ని బట్టి మారేది. ఎనిమిది మైళ్లనీ పది మైళ్లనీ రెండు లెక్కలూ వినిపిస్తాయి. ఈ అస్థిరత్వం లోపంగా కనిపించవచ్చు. కానీ బోయీలు సవారీ మోసే దారిలో ఇసుకా, కనుమా, వాగూ అన్నీ కలిసి ఎంత సేపట్లో ఎంత పోగలమన్నదాన్ని నిర్ణయిస్తాయి. నడిచేవాడికి దూరమూ కాలమూ విడివిడి రాశులు కావు. ‘పూట ప్రయాణం’, ‘జాము నడక’ అన్న మాటల్లో దూరాన్ని కాలమే కొలుస్తోంది. వేగమన్న భాగహారం ఆ మాటలోనే పూర్తయిపోయింది.

ఇదే కాలంలో వీధిబడుల స్థితిని చెప్పే పత్రం ఒకటుంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యా సర్వేకు జవాబుగా బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో నివేదిక పంపాడు. తెలుగు వ్యాకరణకర్తగా కూడా పేరున్న కాంబెల్ తన జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చెప్పాడు. బడిలో చదివే గ్రంథాల భాష వాడుక భాషకు దూరమనీ, పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేస్తున్నారనీ ఆయన విమర్శ. బడి భాషకూ బయటి భాషకూ మధ్య ఉన్న ఈ దూరం గ్రాంథికం పోయాక తీరిందనుకోవడం సరికాదు. గమన సమస్యల్లో అది కొత్త రూపంలో కొనసాగింది.

6. కాలువ, రైలు: కొత్త సన్నివేశాలు

19వ శతాబ్ది రెండవ అర్ధభాగంలో ఈ ప్రాంతానికి రెండు కొత్త చలనాలు వచ్చాయి. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860ల్లో తవ్వించిన కర్నూలు-కడప కాలువ ఒకటి. తుంగభద్ర మీది సుంకేసుల ఆనకట్ట నుండి నంద్యాల ప్రాంతం మీదుగా కడప వైపు సాగే ఈ కాలువను సాగునీటితో పాటు పడవ రవాణాకు కూడా ఉద్దేశించారు. 1882లో ప్రభుత్వం దీన్ని కంపెనీ నుండి స్వాధీనం చేసుకుంది. నేడు అందరూ కె.సి. కెనాల్ అనే ఈ కాలువ పాఠ్యపుస్తకంలోని పడవ లెక్కకు ఈ నేల మీది రూపం.

రెండవది రైలు. దక్షిణ భారతంలో తొలి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుండి నడిచింది. 19వ శతాబ్ది ముగిసేలోపు గుంతకల్లు నుండి నంద్యాల, గిద్దలూరు మీదుగా బెజవాడ వైపు మీటర్‌గేజి దారి పడింది. నల్లమలను దాటే భాగంలో దొరబావి వంతెన, బొగద సొరంగం ఆనాటి నిర్మాణాలు. బోగదా అంటేనే సొరంగం. పని పేరే చోటికి పేరైంది. ఆళ్లగడ్డకు మాత్రం రైలు రాలేదు. 2016లో పూర్తయిన నంద్యాల-ఎర్రగుంట్ల దారి కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోయింది.

రైలుతో లెక్కల పుస్తకంలోకి మూడు మార్పులు వచ్చాయి. ఒకటి, నిమిషం. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఎక్కడ కలుస్తాయో చెప్పాలంటే రెండు స్టేషన్ల గడియారాలూ ఒకే కాలం చూపాలి. భారతీయ రైల్వేలు దశాబ్దాల పాటు మద్రాసు కాలాన్ని పాటించాయి. 1906 నుండి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. రెండు, పొడవు. మనిషి బిందువు, రైలు బిందువు కాదు. రైలు బోగదాను దాటడమంటే ఇంజను లోపలికి పోయిన క్షణం నుండి చివరి పెట్టె బయటికి వచ్చే క్షణం దాకా. 300 మీటర్ల బండి 500 మీటర్ల బోగదాను దాటాలంటే ఎడం 800 మీటర్లు. సెకనుకు 10 మీటర్ల వేగంతో 80 సెకన్లు. పుట్టలో దూరిన మహావీరుని పాము ఇక్కడ రైలుగా తిరిగి వచ్చింది.

మూడవది, క్రాసింగ్. ఒంటి లైను మీద ఎదురెదురు బండ్లు నడి దారిలో కలుసుకోవడానికి వీల్లేదు. స్టేషన్‌లోనే కలవాలి. ఒకటి లూప్ లైనులో ఆగితే మరొకటి వెళ్లిపోవాలి. ప్రయాణికులు ‘క్రాసింగ్ పడింది’ అని విసుగ్గా అనుకునే ఆ నిలుపు నిజానికి ఒక గమన సమస్యకు జవాబు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మరే 19వ శతాబ్ది చివరలో తన పుస్తకంలో చూపిన పారిస్-లియాన్ రైళ్ల పటం ఈ విషయాన్ని గీతల్లో చెప్పింది. ఒక అక్షం మీద కాలం, మరొకదాని మీద స్టేషన్లు. ప్రతి బండీ ఒక వాలుగీత. గీతలు ఖండించుకున్న చోట బండ్లు కలుస్తాయి. ఏ క్షణంలోనైనా రెండు గీతల మధ్య నిలువు ఎడమే ఆర్యభటుని వివరం.

7. ‘సాపేక్ష వేగం’: లాభం, నష్టం

ఆధునిక పాఠ్యపుస్తక పరిభాష గతియోగాన్ని, గత్యంతరాన్ని కలిపి సాపేక్ష వేగం అన్న ఒక్క పేరు పెట్టింది. దీని లాభం పెద్దది. దిశకు ధన, రుణ గుర్తులు ఇస్తే కూడికా తీసివేతా ఒకే నియమం అవుతాయి. భౌతికశాస్త్రానికి ఈ ఏకత్వం తప్పనిసరి. నష్టం మరొక చోట ఉంది. గతియోగం అన్న పేరులోనే చేయవలసిన పని ఉంది, గత్యంతరంలోనూ ఉంది. సాపేక్ష వేగం అన్న పేరులో పని లేదు. దేనితో పోల్చి సాపేక్షమో కూడా లేదు. ఆ లోటును పూడ్చడానికి ‘ఒకే దిశ - తీసివేత, వ్యతిరేక దిశ - కూడిక’ అన్న పట్టిక అవసరమైంది. పట్టిక గుర్తుండి, ఎడం మరుగైంది.

‘ఎదురు’ అన్న తెలుగు మాట ఈ నష్టాన్ని బయటపెడుతుంది. ఇద్దరు మనుషులు ఎదురుగా వస్తే వేగాలను కూడాలి. పడవ నీటికి ఎదురుగా పోతే తీసివేయాలి. ఒకే మాట, రెండు పనులు. పట్టికను నమ్మినవాడికి ఇది వైరుధ్యం. ఎడాన్ని నమ్మినవాడికి కాదు. మనుషుల సమస్యలో ఎడం ఆ ఇద్దరి మధ్యది. ఇద్దరూ దాన్ని తగ్గిస్తున్నారు. పడవ సమస్యలో ఎడం పడవకూ గట్టు మీది రేవుకూ మధ్యది. తెడ్డు దాన్ని తగ్గిస్తోంది, నీరు పెంచుతోంది.

దీన్ని కె.సి. కెనాల్ మీద ఊహించవచ్చు. నిశ్చలమైన నీటిలో గంటకు 6 కిలోమీటర్లు పోగల పడవ, 2 కిలోమీటర్ల వడి ఉన్న నీరు, 24 కిలోమీటర్ల దూరం. వాలుకు 8 చొప్పున 3 గంటలు, ఎదురుకు 4 చొప్పున 6 గంటలు. ఇప్పుడు ఇలాంటి పడవలే రెండు, ఒకటి ఎగువ రేవు నుండి, ఒకటి దిగువ రేవు నుండి ఒకేసారి బయలుదేరితే ఎడం గంటకు 8, 4 కలిపి 12 చొప్పున తరిగి 2 గంటల్లో కలుస్తాయి. నీరు నిలిచి ఉన్నా 6, 6 కలిపి అదే 12. రెండు పడవల మధ్య ఎడానికి నీటి వడితో సంబంధమే లేదు, ఎందుకంటే నీరు రెండింటినీ ఒకేలా మోస్తోంది. పడవలో కూర్చున్నవాడికి గట్టే కదులుతుందన్న గోళపాదపు చూపు ఇక్కడ లెక్కగా మారింది. ఎక్కడ నిలిచి చూస్తున్నామో తేలితే కొన్ని రాశులు సమస్యలో నుండి వాటంతట అవే తప్పుకుంటాయి.

8. కొత్తపల్లె దారి: బోధనకు అన్వయం

రాయలసీమలో కొత్తపల్లె అన్న పేరు ఒక్క ఊరిది కాదు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో ఆ పేరుతో మండలమే ఉంది, సంగమేశ్వరం అందులోనిదే. అలాంటి పల్లె నుండి పట్టణానికి పోయే విద్యార్థికి రోజువారీ అనుభవంలో ఉన్నవి నడక, సైకిలు, ఆటో, బస్సు. పదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంలోని కార్ల లెక్క అతనికి జాతీయ రహదారి మీద కనిపిస్తుంది. 100 కిలోమీటర్ల దూరంలోని రెండు చోట్ల నుండి బయలుదేరిన కార్లు ఒకే దిశలో పోతే 5 గంటల్లో, ఎదురుగా వస్తే గంటలో కలుస్తాయి. ఎడం 100, ఒకసారి గంటకు 20 చొప్పున, మరొకసారి 100 చొప్పున తరిగింది. వేగాల మొత్తం 100, భేదం 20. కాబట్టి వేగాలు 60, 40. సమీకరణాల జత రాయకముందే సమస్య అర్థమైపోయింది.

అదే ఆలోచనను ఊరి దారిలోకి తెస్తే ఇలా ఉంటుంది. అంకెలు ఉదాహరణకు మాత్రమే. కొత్తపల్లె నుండి అక్క గంటకు 4 కిలోమీటర్ల నడకతో ఆళ్లగడ్డ దారి పట్టింది. ఆమె మరిచిపోయిన సద్దిమూటతో అరగంట తరువాత తమ్ముడు సైకిలు మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో బయలుదేరాడు. అతను పెడలు మీద కాలు వేసే క్షణంలో ఎడం 2 కిలోమీటర్లు. అది గంటకు 8 చొప్పున తరుగుతుంది. పావుగంటలో, ఊరికి 3 కిలోమీటర్ల దూరంలో అందుకుంటాడు. ఒకవేళ సరిగ్గా ఆ క్షణంలోనే అక్కకు మూట గుర్తొచ్చి వెనుదిరిగితే? ఎడం అదే 2 కిలోమీటర్లు. తరుగు మాత్రం గంటకు 16. ఏడున్నర నిమిషాల్లో ఎదురుపడతారు. కథలో మారింది ఒక్క క్రియ, ‘అందుకొను’ స్థానంలో ‘ఎదురుపడు’ వచ్చింది. లెక్కలో మారింది ఒక్క గుర్తు. ఈ రెండు మార్పులూ ఒకటేనని విద్యార్థి గ్రహించినప్పుడు సూత్రాన్ని వల్లెవేయవలసిన అవసరం ఉండదు.

ఆ సమస్యలో తరచు జరిగే పొరపాటు అరగంట ఆలస్యాన్ని ఎక్కడ ఉంచాలో తెలియకపోవడం. వేగాలతో మొదలుపెడితే ఆ అరగంట చివరిదాకా వేలాడుతూ ఉంటుంది. ఎడంతో మొదలుపెడితే అది మొదటి అడుగులోనే 2 కిలోమీటర్లుగా మారిపోతుంది. కాలాన్ని దూరంగా మార్చే ఈ పని ‘జాము నడక’ అన్న మాటలో పూర్వులు చేసినదే.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

• ఆర్యభటీయంలోని సూత్రం ఎడాన్ని ముందు నిలిపి, గతియోగ గత్యంతరాలను దాని తరుగుగా చెప్పింది. నేటి బోధన వేగాలను ముందు నిలిపి ఎడాన్ని వెనక్కి నెట్టింది.

• మహావీరుని పాము, తిరిగివచ్చే బాటసారి, నడక పెంచే బాటసారి అన్న మూడు సమస్యలూ పైకి భిన్నంగా ఉన్నా, తరిగే ఎడం అన్న ఒకే దృష్టితో విడివడతాయి. రైలు-బోగదా సమస్య పాము సమస్యకు ఆధునిక రూపం.

• పావులూరి మల్లన లెక్కను నిలిపి సన్నివేశాన్ని మార్చిన పద్ధతి నేటి తెలుగు పాఠ్యపుస్తక రచనకు కూడా అనుసరణీయం.

• ‘సాపేక్ష వేగం’ శాస్త్రానికి అవసరమైన పదం. అయితే దానికి ముందు ‘ఎడం’, ‘తరుగు’, ‘అందుకొను’, ‘ఎదురుపడు’ అన్న మాటలతో ఆలోచన స్థిరపడాలి.

బళ్ళారి వీధిబడుల్లో పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేస్తున్నారని కాంబెల్ రాసి రెండు శతాబ్దాలు గడిచాయి. పద్యాల స్థానంలో సూత్రాల పట్టికలు వచ్చాయి, వల్లెవేత మిగిలింది. పోటీ పరీక్షలో ఒక్క గుర్తు తారుమారైతే పల్లెటూరి విద్యార్థి కోల్పోయేది ఒక మార్కు కాదు, ఒక ఉద్యోగం కూడా కావచ్చు. ఆ గుర్తును సరిగా ఎంచుకునే శక్తి అతని ఇంటి భాషలోనే ఉంది. పాఠం అక్కడి నుండి మొదలు కావాలి.